వింత చీటీల పెట్టె: కుందలహళ్లి మెస్సులో ఆరు వారాలు

జూన్ 7, శనివారం

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో ముందు రాసిపెట్టుకుంటాను, తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

రాత్రిళ్లు ఇంటర్నెట్‌లో పనికిమాలిన వింతలు ఏరుకోవడం నాకు అలవాటు. దొరికినవి మా రూము వాట్సాప్ గ్రూపులో పడేస్తాను. నీలం టిక్కులు పడతాయి, ఒక్కడూ పలకడు. "నీ లింకులు ఎవడు నొక్కుతాడప్పా, ఏమన్నా ఉంటే నోటితో చెప్పు" అన్నాడు మా రూమ్మేట్. కర్నూలోడు, మొహమాటం తెలీదు.

బెంగళూరు కుందలహళ్లిలో మేం తినే మెస్సులో రాత్రి ఎనిమిదిన్నరకి బల్ల దొరకాలంటే పదిహేను నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడాలి. నిలబడేదంతా నెల్లూరు, ఒంగోలు, కడప జనమే. అయినా ఒకరి మొహం ఒకరు చూడరు, అందరి తలలూ ఫోన్లలోనే. అక్కడో పెట్టె పెడితే ఎలా ఉంటుందని ఇవాళ పప్పన్నం కలుపుతుంటే తట్టింది. మీట నొక్కితే చిన్న చీటీ వస్తుంది. చీటీకి ఒక్క వింత, తెలుగులో. దానికి లింకు ఉండదు, ఫార్వర్డు ఉండదు. నచ్చితే తీసుకెళ్లి పక్కవాడి చేతిలో పెట్టాల్సిందే.

మెస్సు నడిపే ఆవిడ మా అందరికీ పిన్నే. ఆవిణ్ణి అడిగితే మొదటి ప్రశ్న, "కరెంటు ఎంత లాగుద్ది?"

"ఫోను ఛార్జరంత, పిన్నీ."

"అయితే పెట్టుకో నాయనా. మంచినీళ్ల డ్రమ్ము పక్కన మాత్రం వద్దు, నెల్లూరు నుంచి వచ్చేవాళ్లు నీళ్లు ఒలకబోస్తారు." ఆవిడదీ నెల్లూరే.

జూన్ 14, శనివారం

ఎలక్ట్రానిక్ సామాను దొరికే ఎస్‌.పి. రోడ్డుకి వెళ్లొచ్చాను. పర్పుల్ లైనులో మెజెస్టిక్ దాకా, అక్కడ గ్రీన్ లైను మారి చిక్కపేట. మెట్రో ఎక్కిన దూరం కంటే దిగాక గొడుగులూ తోపుడు బళ్లూ తప్పించుకుని నడిచిన దూరమే ఎక్కువ అనిపించింది. ఆర్కేడ్ ఆటల మెషిన్లకి బిగించే పెద్ద ఎర్ర మీట ఒకటి కొన్నాను. కొట్టతను కన్నడంలో మొదలుపెట్టి, నా మొహం చూసి హిందీలోకి మారి, బేరం దగ్గరికొచ్చేసరికి శుభ్రమైన తెలుగులో "తగ్గదన్నా" అన్నాడు.

ప్రింటరు ముందే ఆన్‌లైన్‌లో తెప్పించాను. కిరాణా బిల్లు కొట్టే 58 మిల్లీమీటర్ల థర్మల్ రకం. దీనికి ఇంకు అక్కర్లేదు. కాగితానికి ఒక మందు పూత ఉంటుంది, వేడి తగిలిన చోటల్లా నల్లబడుతుంది. ప్రింటరు తలలో చిన్న చిన్న హీటర్లు ఒక వరసలో ఉంటాయి, 384. అంటే అడ్డంగా నాకున్న జాగా మొత్తం 384 చుక్కలే. మెదడు స్థానంలో రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటరు. డొక్కు బిస్కెట్ డబ్బా ఒకటి ఇంట్లోనే ఉంది.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నుంచీ తెలుగుతో కుస్తీ.

ప్రింటరుకి తెలుగు రాదు. అది పుట్టించిన వాళ్లకి తెలుగు అక్షరాలు లోపల పెట్టాలని తోచలేదు, తప్పు పట్టను. దారొక్కటే: వాక్యాన్ని ముందు బొమ్మగా గీసి, ఆ బొమ్మని పంపడం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గీయించాను. మొదటి చీటీ మీద నా పేరే వేసుకున్నాను. ఒత్తులన్నీ విడిపోయి, కింద ఉండాల్సినవి పక్కకొచ్చి, పొల్లులు కొమ్ముల్లా లేచి నిలబడ్డాయి. రూమ్మేట్ చూసి "ఇదేం భాషరా, నీ పేరా ఇది?" అని పది నిమిషాలు నవ్వాడు.

కారణం తెలియడానికి సాయంత్రమైంది. తెలుగు ఫాంటు ఉంటే సరిపోదు. ఏ హల్లు కింద ఏ ఒత్తు చేరాలి, గుణింతం ఎక్కడ అతకాలి అని లెక్క చూసే పనికి ఇంకో లైబ్రరీ కావాలి. బొమ్మలు గీసే పిల్లో అనే లైబ్రరీ వెనక రాక్మ్ అనేది ఉంటే ఆ లెక్క చూస్తుంది, లేకపోతే అక్షరాల్ని సంతలో గొర్రెల్లా వరసగా నిలబెట్టేస్తుంది. నా దాంట్లో లేదు. ఎక్కించాను. ఆ తర్వాత పరీక్షకి నేను ఎంచుకున్న అక్షరం "జ్ఞా".

ఊరికే ఎంచుకోలేదు. 2018 ఫిబ్రవరిలో ఈ అక్షరమే ఐఫోన్లని పడగొట్టింది. జ, పొల్లు, ఞ, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం. ఇవి ఆ వరసలో కలిసి మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ కుప్పకూలేది. తెరిచినప్పుడల్లా మళ్లీ కూలేది. ఆ నెల 19న ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6 విడుదల చేస్తే గానీ వదల్లేదు. అంత పెద్ద కంపెనీని మన "జ్ఞానం"లో మొదటి అక్షరం మూడు చెరువుల నీళ్లు తాగించిందంటే నాకు లోలోపల కాస్త గర్వమే. నా బిస్కెట్ డబ్బా మాత్రం "జ్ఞానం" అని చక్కగా కొట్టింది. ఆ చీటీని పర్సులో పెట్టుకున్నాను.

జూన్ 19, గురువారం

మొదటి దఫాకి నలభై వింతలు ఏరాను. 384 చుక్కల వెడల్పులో అరచేతికి పట్టేంత చీటీ, ఐదారు వాక్యాలు మించకూడదు. ఇది నాకు మేలే చేసింది. గ్రూపులో రాసేటప్పుడు "ఇది చూడండి!!!" అని లింకు పారేస్తే పనైపోయేది, ఇప్పుడు అసలు నవ్వెక్కడుందో వెతికి అదే రాయాల్సి వస్తోంది.

నాకు ప్రాణమైనది కాఫీ కుండ కథ. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కంప్యూటర్ లాబొరేటరీలో కాఫీ మెషిన్ ఒక గదిలో, తాగేవాళ్లు ఇంకెక్కడో. మెట్లెక్కి వెళ్తే కుండ ఖాళీ. 1991లో విసిగిపోయి కుండకి ఎదురుగా కెమెరా పెట్టారు, సీట్లో కూర్చునే కాఫీ ఉందో లేదో చూసుకోవచ్చని. 1993లో దాన్ని వెబ్‌కి కలిపితే లోకమంతా ఎవరిదో కాఫీ కుండని కళ్లప్పగించి చూసింది. వెబ్‌క్యామ్‌లకి ఆద్యం అదే. 2001 ఆగస్టు 22న కెమెరా ఆపేశారు, కుండ వేలంలో 3,350 పౌండ్లు పలికింది.

ఆ కెమెరా పంపిన బొమ్మ 128 చుక్కలకి 128. నా కాగితం 384. మూడుతో గుణిస్తే సరిగ్గా సరిపోయింది! చుక్క తేడా లేదు. ఇంత చిన్న విషయానికి రాత్రి ఒంటిగంటకి గంతులేసినవాణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను. చీటీ మీద కుండ పడింది, కాస్త దెయ్యంలా ఉంది గానీ కుండే.

కాగితం అయిపోతే డబ్బా మీది చిన్న స్క్రీనులో "418" అని చూపించేలా రాశాను. 1998 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ ప్రమాణాల వాళ్లు కాఫీ కుండల్ని నెట్ మీద నడపడానికి ఒక నియమావళి విడుదల చేశారు, ఆర్‌ఎఫ్‌సి 2324. ఏప్రిల్ ఫూల్ పత్రమే గానీ భాష అంతా గంభీరం. అందులో టీ కుండని కాఫీ కాయమంటే ఇవ్వాల్సిన జవాబు 418, "నేను టీ కుండని." ఈ హాస్యం ఆఫీసులో ఇద్దరికి అర్థమవుతుంది. మెస్సులో ఎవరికీ అర్థం కాదు. ఉండనీ.

జూన్ 22, ఆదివారం

పెట్టాం. మధ్యాహ్నం చికెన్ రోజు, రద్దీ బాగా ఉంది.

మొదట నొక్కింది ఎవరో చిన్న పిల్ల. ఒక్కసారి నొక్కింది, మూడు చీటీలొచ్చాయి. స్ప్రింగు మీట ఒక్క నొక్కుకే లోపల నాలుగైదుసార్లు అదురుతుంది, కంప్యూటరు ప్రతి అదురునీ ఒక నొక్కు అనుకుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ వదిలేశాను, బద్ధకం. ఆ పిల్ల మాత్రం లాటరీ తగిలినట్టు వాళ్ల నాన్న దగ్గరికి పరిగెత్తింది.

తర్వాత ఐదు నిమిషాల్లో ఒక కప్ప చీటీ పెట్టెని చంపింది. ఆండ్రే గైమ్ అనే ఆయన బలమైన అయస్కాంతం మీద బతికున్న కప్పని గాల్లో తేలించి 2000లో ఇగ్ నోబెల్ తెచ్చుకున్నాడు. ఇగ్ నోబెల్ అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి. పదేళ్లకి గ్రాఫీన్ అనే అతి పలచని కార్బన్ పొర మీద అసలు నోబెల్ కూడా వచ్చింది. ఈ చీటీకి నేనే చేత్తో కప్ప బొమ్మ వేసి, నిండా నలుపు పూశాను. ఎవరికి ఆ చీటీ వచ్చినా సగం కప్ప దగ్గర ప్రింటరు మూలిగి ఆగిపోతుంది, డబ్బా మొత్తం మళ్లీ మొదట్నుంచి లేస్తుంది. మాటలైతే వరసకి కొన్ని హీటర్లే వెలుగుతాయి. నిండు నలుపు కప్పకి దాదాపు అన్నీ ఒకేసారి వెలగాలి. అంత కరెంటు నా ఛార్జరుకి చాలక వోల్టేజీ పడిపోయి రాస్ప్‌బెర్రీ పై నిద్రలోకి జారుకుంటోంది. పిన్నికి చెప్పిన "ఫోను ఛార్జరంత" మాట నాకే తగిలింది.

సాయంత్రం ప్రింటరుకి వేరే అడాప్టరు, రాస్ప్‌బెర్రీ పైకి వేరేది పెట్టి, గ్రౌండు తీగలు మాత్రం కలిపాను. కప్పకి నలుపు తగ్గించి గీతల కప్పని చేశాను. మీట ఒకసారి నొక్కాక ఇరవై సెకన్లు దేనికీ పలకదు. ఆ పిల్ల మళ్లీ వచ్చి నొక్కి, "అంకుల్, ఇప్పుడు ఒకటే వస్తోంది, పాడైపోయింది" అని ఫిర్యాదు చేసింది.

జూన్ 24, మంగళవారం

ఏది పేలుతుందో నాకు బొత్తిగా తెలియదని తేలింది.

కాఫీ కుండ చదివి ఎవరూ నవ్వలేదు. ఒకాయన చీటీ చూసి, మడిచి, పళ్లు కుట్టుకున్నాడు. పావురాలది కాస్త నడిచింది. 1990 ఏప్రిల్ 1న ఆర్‌ఎఫ్‌సి 1149 అని, పావురాల కాళ్లకి కట్టి ఇంటర్నెట్ డేటా పంపే పద్ధతి రాశారు. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొందరు నిజంగానే ఎగరేసి చూశారు. తొమ్మిది పంపితే నాలుగింటికే జవాబొచ్చింది, అందులో త్వరగా వచ్చినదానికే యాభై నిమిషాలు దాటింది. "మా పీజీ వైఫై కంటే నయం" అని గుమ్మం దగ్గర ఎవరో అన్నారు, నలుగురు నవ్వారు. అది చాలు ఆ పూటకి.

కానీ మెస్సుని ఊపేసింది ముక్కు చీటీ. మన బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు చిత్తరంజన్ ఆండ్రాడే, బి.ఎస్. శ్రీహరి ఇక్కడి స్కూళ్లలో 200 మంది పిల్లల్ని అడిగి, ముక్కులో వేలు పెట్టుకోవడం దాదాపు అందరికీ ఉన్న అలవాటేనని, రోజుకి నాలుగుసార్లు మామూలని తేల్చారు. 2001లో ప్రజారోగ్యం కింద ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఆ చీటీ ఎవరికి వచ్చిందో గానీ బల్ల నుంచి బల్లకి తిరిగింది. చివరికి సాంబారు మరకలతో క్యాష్ కౌంటరు దగ్గరికి చేరింది. అక్కడ కూర్చునే బాబాయి, అంటే పిన్ని వాళ్లాయన, దాన్ని చదివి, వడ్డించే కుర్రాడి వైపు చూసి, "చేతులు కడుక్కున్నావా?" అన్నాడు.

మనవాళ్లవే ఇంకో రెండు వేశాను. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఏనుగు చర్మం మొత్తం వైశాల్యం ఎంతో అంచనా వేసే లెక్క కట్టి 2002లో గణితానికి ఇగ్ నోబెల్ తెచ్చుకున్నారు. ఉత్తరప్రదేశ్ లాల్ బిహారీకి 2003లో శాంతికి ఇగ్ నోబెల్. రికార్డుల్లో చచ్చిపోయినట్టు రాసేస్తే, బతికే ఉన్నానని నిరూపించుకోవడానికి ఏళ్ల తరబడి పోరాడి, తనలాంటి వాళ్లతో మృతక్ సంఘం పెట్టాడు. ఇది చదివి నవ్వినవాళ్లు తక్కువ. "మా పెదనాన్నకి పాసు పుస్తకంలో ఇట్లనే చేసినారు" అని మా రూమ్మేట్ మొదలుపెట్టి, చారు చల్లారేదాకా చెప్పాడు.

జూన్ 26, గురువారం

తప్పు చేశాను, రాసుకోవాలి.

నాసా అంతరిక్షంలో రాసే పెన్నుకి కోట్ల డాలర్లు తగలేసిందని, రష్యావాళ్లు పెన్సిల్ వాడారని ఒక చీటీ వేశాను. చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా అని వెతకలేదు. పక్క బల్ల దగ్గర ఒకావిడ చదివి, చీటీ నా ముందు పెట్టి, "తమ్ముడూ, ఇది తప్పు" అంది. అంతే, ఇంకేం చెప్పకుండా పెరుగన్నం తినేసి వెళ్లిపోయింది.

రాత్రి చూస్తే తప్పే. ఇద్దరూ మొదట్లో పెన్సిళ్లే వాడారు. ముల్లు విరిగి తేలుతుంది, గ్రాఫైట్ పొడికి కరెంటు పారుతుంది, పరికరాల్లోకి పోతే ప్రమాదం. పెన్ను చేసింది పాల్ ఫిషర్ అనే వ్యాపారి, సొంత డబ్బుతో. నాసా పరీక్షించి మామూలు ధరకి కొన్నది. తర్వాత సోవియట్ వాళ్లూ అదే కొన్నారు. "ముందు అబద్ధం వేశాం, ఇదీ అసలు సంగతి" అని కొత్త చీటీ రాశాను. అబద్ధం చీటీ ఎన్నిసార్లు బయటికి పోయిందో పెట్టె రాసుకునే లాగ్ ఫైలులో చూశాను: పదకొండు. వెనక్కి తేలేను. మిగతా ముప్పై తొమ్మిదీ కూర్చుని మళ్లీ వెతికాను, రెండు చోట్ల గట్టి ఆధారం దొరకనివి ఆరు తీసేశాను. అందులో నాకు బాగా ఇష్టమైనది ఒకటుంది, మనసొప్పక మూడుసార్లు వెతికాను. దొరకలేదు.

జూలై 5, శనివారం

మాస్టారి కథ. సాయంత్రం టిఫినుకి వచ్చే పెద్దాయన, గుంటూరు జిల్లాలో లెక్కల టీచరుగా రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. రోజూ ఒక చీటీ తీసుకుని, జేబులోంచి కళ్లద్దాలు తీసి చదివి, మడిచి జేబులో పెట్టుకుంటారు. ఏమీ అనరు.

కంప్యూటర్లలో అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు పట్టిక చివర కొన్ని వింత గుర్తులున్నాయి, 2008లో చేర్చారు. పాతకాలం లెక్కల్లో భిన్నాలు రాసే అంకెలవి. పావులు నిలువు గీతలు, ౹ ౺ ౻. పావులో పావులు, అంటే వీసాలు, అడ్డ గీతలు, ౼ ౽ ౾. వాటి గురించి చీటీ వేద్దామని ప్రింటు తీస్తే గీతల బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. నా ఫాంటులో అవి లేవు. ఇలాంటి ఖాళీ డబ్బాల్ని ఫాంట్లు చేసేవాళ్ల భాషలో టోఫు అంటారు, అవి కనపడకూడదనే నోటో అని ఫాంటుకి పేరు పెట్టారు, "నో టోఫు" అని. నోటో తెలుగు ఎక్కించాక గీతలు పడ్డాయి.

మాస్టారు ఆ చీటీ చదివి మొదటిసారి కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చారు.

"నువ్వు రాసిందేనా? సగమే రాశావు. సున్నలు రెండుంటాయి. అడ్డ గీతల చోట సున్న. నిలువు గీతల చోట ఏమీ లేకపోతే దాని పేరు వేరే. ఏమంటారు?"

"తెలీదండీ."

"హళ్లి."

నాకు వెలగడానికి ఒక క్షణం పట్టింది. హళ్లికి హళ్లి, సున్నకు సున్న! మా నాయనమ్మ రోజుకి రెండుసార్లు అనేది, మా తాతయ్య వ్యాపారం గురించే ఎక్కువగా. హళ్లి అనేది నిజంగా ఒక అంకె అని, దానికో గుర్తుందని నాకెప్పుడూ తెలీదు. పట్టికలో చూస్తే ఉంది, ౸. మాస్టారు చీటీ వెనక పెన్నుతో ఒక పాత ధాన్యం లెక్క వేసి చూపించారు, నాకు సగం అర్థమైంది. బాబాయి క్యాష్ కౌంటరు నుంచి, "కుందలహళ్లిలో కూర్చుని హళ్లి అర్థం తెలుసుకున్నారన్నమాట" అన్నాడు. కన్నడంలో హళ్లి అంటే ఊరు. మాస్టారు నవ్వుతుంటే దగ్గొచ్చింది, పిన్ని నీళ్లిచ్చింది.

ఆ చీటీని మార్చి రెండు సున్నలతో మళ్లీ రాశాను. ఇప్పటిదాకా పెట్టెలో ఉన్నవాటిలో ఇదే నాకు నచ్చింది, కాఫీ కుండ రెండోది.

జూలై 11, శుక్రవారం

వేడి గొడవ. కొందరు చీటీని ఫిల్టర్ కాఫీ గ్లాసు కింద పెడుతున్నారు. కాగితం వేడికి నల్లబడే రకం కదా, గ్లాసు తీసేసరికి వింత మీద గుండ్రటి నల్లమచ్చ. ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించుకున్న ఒకమ్మాయి, కిటికీ ఎండకి వారంలో అక్షరాలు వెలిసిపోయాయని చెప్పింది. చీటీ అడుగున "గ్లాసు కింద పెట్టకండి" అని రాశాను. రాశాక ఇంకా ఎక్కువమంది పెడుతున్నారు, ఏమవుతుందో చూడ్డానికి.

ఇవాళ తేదీ చూసి ప్రత్యేకంగా ఒకటి వేశాను. పిచ్ అనే తారులాంటి పదార్థం సుత్తితో కొడితే పగులుతుంది, కానీ అది ద్రవమే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో 1927లో దాన్ని గరాటులో పోసి కూర్చున్నారు. ఇప్పటికి పడినవి తొమ్మిది చుక్కలు. 1988లో చుక్క పడే వేళకి కాపలా ఉన్న ప్రొఫెసరు మెయిన్‌స్టోన్ ఏదో తాగడానికి అలా బయటికెళ్లారు, పడిపోయింది. 2000లో కెమెరా పెట్టారు, సరిగ్గా అప్పుడే కెమెరా చెడింది. తొమ్మిదో చుక్క 2014లో పడింది, ఆయన అంతకుముందు ఏడాదే పోయారు. ఈలోగా డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్న ఇంకో గరాటు నుంచి చుక్క పడడం కెమెరాకి చిక్కింది, 2013 జూలై 11న.

పిన్ని వంటింట్లోంచి గరిటెతో వచ్చి చదివించుకుంది. "మా అత్త అరిసెల పాకం ఇట్టాగే పట్టేది. సుత్తి కావాల్సొచ్చేది."

జూలై 19, శనివారం

పెట్టె పని మారింది. రద్దీలో ఎవరు ముందొచ్చారో గొడవలవుతున్నాయని బాబాయి ఒక నోటుపుస్తకం పెట్టి పేర్లు రాస్తున్నాడు. పిన్ని నన్ను పిలిచి, "నీ డబ్బాలో నంబరు కూడా కొట్టిద్దా?" అంది. కొడుతుంది. ఒక పూట పని. ఇప్పుడు మీట నొక్కితే పైన పెద్దక్షరాల్లో టోకెన్ నంబరు, కింద వింత. నంబరు కోసం చూసినవాడికి కింద ఉన్నది కళ్లబడక తప్పదు. రోజుకి నలభై చీటీల నుంచి ఒక్కసారి నూట ముప్పైకి పోయింది, కాగితం చుట్ట రెండ్రోజులు కూడా రావట్లేదు. ఖర్చు బాబాయిది.

418 కనపడితే ఏం చేయాలో వడ్డించే కుర్రాడికి నేర్పాను. "అన్నా, టీ కుండ వచ్చింది" అని కేకేస్తాడు, నేను చుట్ట మారుస్తాను. ఆ హాస్యం మెస్సులో ఎవరికీ అర్థం కాదని రాశాను పైన, కొట్టేస్తున్నాను.

రాత్రి మూసేవేళ పిన్ని ఫోను తెచ్చి చూపించింది. "ఇది వెయ్యి నాయనా. చంద్రుడి మీద నుంచి చైనా గోడ కనిపిస్తదంట."

"కనపడదు పిన్నీ. 2003లో చైనా వాళ్ల మొదటి వ్యోమగామి యాంగ్ లీవే భూమి చుట్టూ తిరిగొచ్చి, నాకే కనపడలేదన్నాడు. చంద్రుడింకా ఎంతో దూరం."

ఫోను వైపు కాసేపు చూసింది. "మా చెల్లెలు పంపిందే. సరే, అయితే కనపడదనే వెయ్యి. నా పేరు కింద వెయ్యి."

వేశాను, "పంపినవారు: పిన్ని" అని. మొదటి కాపీ టోకెన్ 1, ఆదివారం చికెన్‌కి పదకొండింటికే వచ్చి నిలబడే మా రూమ్మేట్‌కే వెళ్తుంది రేపు.